శిగమూగే పాటకు నాలుగు నిమిషాలు చాలవు

కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో పాటకు ఏనాడూ కరువు లేదు. 2016లో జియో వచ్చి నెట్టు చవకయ్యాక అది ఒక పరిశ్రమే అయింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ గంగవ్వను ఇంటింటికీ పరిచయం చేసినట్టే, ఈ పక్క ఊళ్ల స్టూడియోల నుంచి జానపద వీడియోలు వారం వారం వచ్చి పడుతున్నాయి. ఇక్కడ ఆల్బం చేశామంటే ఒక్క పాట వీడియో చేశామని. పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో ఫ్లూటు బిట్టు, చెరువు కట్ట మీద ఇద్దరి డ్యాన్సు. నాలుగు నిమిషాలు దాటితే చూసేవాళ్లు జారిపోతారని తీసేవాళ్ల భయం.

మరోపక్క, ఇదే ఊళ్ల కాలేజీ పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని టేమ్ ఇంపాలా వింటున్నారు. సైకెడెలిక్ రాక్‌ను మళ్లీ బతికించిన కొత్తతరం బ్యాండ్లలో అది పెద్ద పేరు. తెలుగులో, అందులోనూ మన ఉత్తర తెలంగాణలో, అలాంటి బ్యాండ్ ఒకటి ఎందుకు లేదని వాళ్లు అడుగుతారు. గిటారు నేర్చినవాళ్లు లేకనా అంటే, ఉన్నారు. వినేవాళ్లు లేకనా అంటే, అడుగుతున్నది వాళ్లే. బయట వచ్చిన ఆల్బంలను, ఇక్కడి పాటను పక్కపక్కన పెట్టి వింటే నాకు తోచింది వేరు. సైకెడెలిక్ అని వాళ్లు దేన్ని అంటున్నారో ఆ పని చేసే సంగీతం మన దగ్గర చచ్చిపోయిందే లేదు. రికార్డు చేసేటప్పుడు మాత్రం దాని నిడివిని, గరుకుదనాన్ని మనమే కోసి పారేస్తున్నాం.

ఆ పని ఏమిటో ముందు తేల్చుకోవాలి. 1966 ఆగస్టులో వచ్చిన బీటిల్స్ ‘రివాల్వర్’లో చివరి పాట దాదాపు ఒకే శ్రుతి మీద నిలబడి ఉంటుంది. వెనక తంబూరా, దాని మీద తిప్పి తిప్పి వేసిన టేపు ముక్కలు. ఆ ఏడాదే టెక్సాస్‌లోని ఆస్టిన్ నుంచి థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ వాళ్లు ఏకంగా ఆల్బం పేరులోనే సైకెడెలిక్ అన్న మాట పెట్టారు. 1967 జూన్‌లో మాంటెరీ ఉత్సవంలో రవిశంకర్ మధ్యాహ్నమంతా సితార్ వాయిస్తే హిప్పీలు కదలకుండా కూర్చుని విన్నారు. కదలని శ్రుతి, మళ్లీ మళ్లీ తిరిగొచ్చే లయ, ఒంగి సాగి వంకర్లు పోయే స్వరం, తొందర లేని నిడివి: మందుల కథలు, రంగుల చొక్కాలు పక్కన పెడితే ఈ సంగీతంలో మిగిలే సరుకు ఇదే. లాంగ్ ప్లే రికార్డుకు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా చోటుండటం కూడా దీనికి కలిసొచ్చింది. 1971లో పింక్ ఫ్లాయిడ్ ‘మెడిల్’ రెండో వైపంతా ఒక్క పాటకే ఇచ్చేశారు.

ఈ లెక్కన మన ఒగ్గు కథ ఎక్కడుంది? మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ రాత్రి మొదలైతే తెల్లారేదాకా నడుస్తాయి. పట్నం వేసి, ఒగ్గు మోగించి, డోళ్లు, తాళాలు ఒక నడకలో పడ్డాక ఆ నడక గంటల తరబడి వదలదు. ప్రధాన కథకుడు ఒక మాట అందిస్తే వంతవాళ్లు దాన్ని పట్టుకుని సాగదీస్తారు. లయ చిక్కబడేకొద్దీ జనంలో ఎవరికో ఒకరికి శిగం, అంటే పూనకం, వస్తుంది. వేములవాడ దగ్గరి హనుమాజీపేట సి. నారాయణరెడ్డి ఊరుగా అందరికీ తెలుసు. ఒగ్గు కథకుడు మిద్దె రాములుదీ ఆ ఊరే. ఒక్క ఊరి నుంచి ఒకరు గజల్ దాకా, ఇంకొకరు గజ్జెకట్టి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టేదాకా వెళ్లారంటే ఆ నేల సంగతి అర్థం కావాలి.

ఇక జమిడిక. సైకెడెలిక్ గిటారు మీద వెర్రి ఉన్న పిల్లలకు నేను మొదట చూపించేది దీన్నే. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల కళాకారుల చేతిలో ఉంటుంది. గొట్టం లాంటి బుర్ర, ఒకవైపు తోలు, ఆ తోలు మధ్యలోంచి వచ్చిన నరం. బుర్రను చంక కింద ఇరికించి, నరాన్ని ఒక చేత్తో బిగలాగి పట్టి, రెండో చేత్తో పుల్లతో మీటుతారు. లాగుడు పెరిగితే స్వరం పైకి పోతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. పై నుంచి కిందికి పోయేటప్పుడు మధ్యలో ఎక్కడా మెట్టు ఉండదు. స్వరం ఏడుస్తూ దిగుతుంది, గదమాయిస్తూ ఎక్కుతుంది. కాలి కింద వా-వా పెడల్ పెట్టుకుని 1967లో జిమీ హెండ్రిక్స్ లాంటివాళ్లు గిటారుతో పలికించాలని చూసిన మాటలాంటి ధ్వని జమిడికలో చేతి లాగుడుతోనే పలుకుతుంది. దాన్ని యాంప్లిఫయర్‌కు కలిపితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద ఊహ అక్కర్లేదు.

ఆదిలాబాద్ వైపు వెళ్తే సంగతి ఇంకా చిక్కనవుతుంది. దీపావళికి ముందు రాజగోండు గూడేల్లో దండారి పండుగ మొదలవుతుంది. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున, పద్మల్‌పురి కాకో దేవతను మొక్కి వచ్చాక దండారి ఆడే గుస్సాడీలు నెమలీకల టోపీలు ఎత్తుతారు. ఒంటికి బూడిద, మెడలో పూసలు, భుజాన జింక తోలు, చేతిలో కర్ర. ఒక గూడెం వాళ్లు ఇంకో గూడేనికి విడిది వెళ్లడం, రాత్రుళ్లు ఆడటం, చివరికి కోలాబోడితో ముగించడం. ఆటను అందరూ ఫొటోలు తీస్తారు. చెవి పెట్టేది తక్కువమంది. కర్రపుల్లలతో కొట్టే తుడుం ఒకే దరువును పట్టుకుంటుంది. దాని మీద సన్నాయికి దగ్గరి చుట్టమైన పెప్రె, ముక్కుతో పాడినట్టు, ఊపిరి తెగనట్టు సాగుతుంది. మధ్యమధ్య కాలికోం బూర పొడుగ్గా కూస్తుంది. ఈ మూడూ కలిసినచోట పెప్రె స్వరం కీబోర్డు మెట్ల మీద కుదురుగా కూర్చోదు. రెండు మెట్ల మధ్య సందులో ఉంటుంది. అసలు మత్తంతా ఆ సందులోనే ఉంది.

జైనూర్ మండలం మార్లవాయి ఈ ఆటకు గురుకులం లాంటిది. 1940లో కొమురం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం తరఫున వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కాపురమున్న ఊరది. 2021లో పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ కనకరాజుదీ ఆ ఊరే. ఆయన 2024 అక్టోబర్‌లో, దండారి రోజుల్లోనే, కన్నుమూశాడు. ఆటకు పద్మశ్రీ వచ్చింది సరే, ఆ ఆట వెనక వాయించినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? గోండుల కథలను కిక్రి మీద పాడే ప్రధాన్లు, తోటీలు లేకపోతే ఆ వంశగాథలకు గొంతే లేదు. కిక్రి అంటే విల్లుతో వాయించే మూడు తంతుల వాద్యం. గరుగ్గా, కొంచెం దుమ్ము పట్టినట్టు పలుకుతుంది. ఆ గరుకును తయారు చేయడానికే రాక్ గిటారిస్టులు ఫజ్ పెట్టెలు కొనుక్కుంటారు.

మరి బయటివాళ్లు తమ పాతను ఎలా తెచ్చుకున్నారు? అన్ని ఆల్బంలూ ఒక తీరుగా లేవు. ఇంగ్లండ్‌లోని కెటరింగ్ అనే చిన్న పట్నం నుంచి టెంపుల్స్ అనే కుర్ర బ్యాండ్ 2014లో ‘సన్ స్ట్రక్చర్స్’ తెచ్చింది. ఇంట్లో ఒక చిన్న గదిలో రికార్డు చేసిన ఆల్బం. వినగానే చెవికి ఇంపుగా ఉంటుంది. పన్నెండు తీగల గిటారు, దూరం నుంచి వచ్చే గొంతు, 1967 నాటి డ్రమ్ముల చప్పుడు. కానీ మూడోసారి వింటే, వాళ్లు మళ్లీ బతికించింది పాటలను కాదు, పాత రికార్డుల చప్పుడును అని తెలిసిపోతుంది. ‘వాల్కేనో’, ‘హాట్ మోషన్’ దాకా ఆ నీడ వాళ్లను వదల్లేదు. పాత ఫొటోకు కొత్త ఫ్రేము కట్టిన పని. చిన్న ఊరి పిల్లలు ఇంట్లోనే ఇంత చేయగలిగారే అన్న ధైర్యం మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు.

పెర్త్ కుర్రాడు కెవిన్ పార్కర్ టేమ్ ఇంపాలా పేరుతో చేసింది ఇంకొంచెం లోతైన పని. 2010 ‘ఇన్నర్‌స్పీకర్’లో గిటార్లు అలలుగా వస్తాయి. 2012 ‘లోనరిజం’లో అవే అలలు తలలోపల తిరుగుతున్నట్టు అయ్యాయి. దాదాపు అన్ని వాద్యాలూ తనే వాయించుకుంటాడు. 2015 ‘కరెంట్స్’కు వచ్చేసరికి గిటారును పక్కకు నెట్టి సింథసైజర్లు, డ్యాన్సు లయ ముందుకొచ్చాయి. అభిమానుల్లో సగంమంది అలిగారు. నాకు అదే నచ్చింది. పాతను తెచ్చినవాడు పాతలోనే కూర్చోలేదు. కానీ అది ఒంటరివాడి సంగీతం, ఒక్కడు గదిలో చేసి ఒక్కడు హెడ్‌ఫోన్లలో వినేది. మన డోలు, తుడుం గుంపు లేకుండా మోగవు. అందుకే టేమ్ ఇంపాలా మనకు నమూనా కాదనిపిస్తుంది.

హ్యూస్టన్ త్రయం క్రుయాంగ్‌బిన్ కొంత దగ్గరికొస్తుంది. 1960లు, 70ల నాటి థాయ్ రికార్డులు విని పెరిగిన వాయింపు వాళ్లది. 2015లో వచ్చిన మొదటి ఆల్బంను టెక్సాస్ పల్లె బర్టన్‌లో ఒక పశువుల కొట్టంలో రికార్డు చేశారు. ఆ కొట్టం గోడల మోత కూడా ఆల్బంలో వాద్యమే. స్పాంజి గోడల స్టూడియోలో అద్దె గంటలు లెక్కపెట్టుకుంటూ పాడించే మన పద్ధతికి ఇది నేరుగా ఎదురు.

నేను ఎక్కువసేపు ఆగాల్సింది ఆల్తిన్ గ్యున్ దగ్గర. ఆమ్‌స్టర్‌డామ్ బ్యాండ్. డచ్ బేస్ గిటారిస్టు యాస్పర్ ఫెర్‌హుల్స్ట్ ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు 1970ల టర్కీ రాక్ రికార్డులు చేతికి దొరికి, వాటి మోజులో పడి మొదలుపెట్టాడు. టర్కీ తీగ వాద్యం సాజ్ వాయిస్తూ పాడే ఎర్దించ్ ఎజెవిత్, గాయని మెర్వె దష్దెమిర్ తోడయ్యారు. వాళ్లు తీసుకున్న పాటలు పల్లెల్లో ఊరూరా తిరిగే ఆషిక్ గాయకుల పాటలు, మన శారద కథకుల పాటల్లాంటివి. టర్కీలో ఎర్కిన్ కొరాయ్, బరిష్ మాంచో, సెల్దా బాజన్ లాంటివాళ్లు 1960లు, 70ల్లోనే పల్లెపాటకు కరెంటు పెట్టారు. 1980లో సైనిక కుట్ర జరిగాక ఆ ధార చాలావరకు ఎండింది. సెల్దా జైలుకు వెళ్లింది. ఆల్తిన్ గ్యున్ చేసింది ఆ తెగిన దారాన్ని ముడివేయడం.

ఆల్బం వారీగా చూస్తే 2018 ‘ఓన్’ వేడివేడిగా ఉంటుంది, కొంచెం తొందర కూడా. 2019 ‘గెజె’లో వాళ్లకు తమ నడక దొరికింది. సాజ్ ముందు, బేస్ దాని కింద నల్లగా పారుతుంది, పాట ఎక్కడా సినిమా పాటలా ఎగిరి గంతేయదు. దానికి గ్రామీ నామినేషన్ వచ్చింది. కరోనా లాక్‌డౌన్‌లో ఎవరింట్లో వాళ్లు కూర్చుని చేసిన 2021 ‘యోల్’ డ్రమ్ మెషీన్లు, సింథ్‌లతో చల్లబడింది. మంచి పాటలున్నా, కలిసి వాయిస్తే వచ్చే చెమట అందులో లేదు. 2023 ‘అష్క్’లో మళ్లీ ఒక్కచోట చేరి వాయించారు. రెండు ఆల్బంలనూ వరసగా వింటే మన స్టూడియోల్లో ఏం పోతున్నదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మనవైపు వస్తే, ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ 2000 ‘కాందీసా’లో నర్మద లోయ పాటను తీసుకుని తొందరపెట్టకుండా సాగనిచ్చింది. బేస్ వాయించే రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో తిరిగి వచ్చినవాడు. పాట ఎక్కడిదో అతని కాళ్లకు తెలుసు. మిడ్ మానేరు కింద ఊళ్లు మునిగిన చోట, ఓపెన్‌కాస్ట్ గనుల కింద ఊళ్లు పోయిన గోదావరిఖని, మంచిర్యాల పట్టీలో ఇలాంటి పాటకు ఎంత సామగ్రి ఉందో వేరే చెప్పాలా? బెంగళూరులో స్థిరపడిన పర్వాజ్‌ను మొదలుపెట్టింది ఇద్దరు కాశ్మీరీ పిల్లలు. ఉర్దూ, కాశ్మీరీలో పాడతారు. 2012 ‘బేహోష్’, 2014 ‘బారాన్’, 2019 ‘కున్’. మూడింటిలో ‘బారాన్’ నాకు ఇష్టం. గొంతు ఎప్పుడు వస్తుందో అని ఎదురుచూసేలా చేస్తారు, వచ్చాక తొందరగా పోనివ్వరు. ‘కున్’ పనితనంలో నునుపెక్కింది, ఆ మేరకు ఆకలి తగ్గింది. ఇంటి నుంచి దూరంగా ఉన్నవాళ్లు ఇంటి భాషలో సాగదీసి పాడటమే పర్వాజ్ బలం. దుబాయ్, మస్కట్‌లలో ఎన్నో ఇళ్ల మగవాళ్లున్న జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు ఈ సంగతి కొత్తది కాదు.

తెలుగు బ్యాండ్లలో చౌరస్తా గట్టి ప్రయత్నం. ‘ఊరెళ్లిపోతా మామా’లో జానపద గొంతుకు రెగ్గే నడక ఎంత సహజంగా కుదిరిందంటే, ఊళ్లల్లో ఆటో డ్రైవర్లు కూడా పాడుకున్నారు. కానీ బ్యాండ్ గొంతైన రామ్ మిరియాల 2020 కరోనా పాట తర్వాత సినిమాకు చేరాడు. 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాట ఆయనదే. తప్పు పట్టడానికేం లేదు, పాడి బతకాలి కదా. తెలుగు నేల మీద పాటకు డబ్బిచ్చేది సినిమా ఒక్కటే. అందుకే ఇక్కడ బ్యాండ్లు రెండో మూడో పాటలకే పేరు తెచ్చుకుంటాయి, నాలుగో ఆల్బం దాకా నడిచి మారే అవకాశం రాదు. ‘ఇన్నర్‌స్పీకర్’ నుంచి ‘కరెంట్స్’ దాకా అయిదేళ్లు పట్టింది. మన కుర్రాళ్లకు ఆ అయిదేళ్లు ఎవరిస్తారు?

సినిమా కూడా ఒకసారి దారి చూపింది. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన ‘బలగం’ 2023 మార్చిలో వచ్చింది. చివర్లో బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే సినిమా కథే ఆగి విన్నది. ఊళ్లల్లో తెరలు కట్టి వేసుకుని మరీ జనం ఏడ్చారు. జనానికి ఓపిక లేదన్న స్టూడియో సిద్ధాంతం అక్కడికక్కడే కూలింది. దీనికి ఏడాదిన్నర ముందు ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలో దర్శనం మొగులయ్య గొంతు, కిన్నెర మొదట్లో తళుక్కుమని మెరిసి పోయాయి. ఆయనకు తర్వాత పద్మశ్రీ వచ్చింది. కిన్నెరకు మాత్రం ఒక పూర్తి ఆల్బం నిడివి కావాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మన స్టూడియోల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. ముందు కీబోర్డు మీద ట్రాక్ కట్టేస్తారు. డప్పు, డోలు కంప్యూటర్‌లో దొరికే రెడీమేడ్ లూపులు. ప్రతి దెబ్బా అచ్చు గుద్దినట్టు ఒకే బరువు. గాయని వచ్చి గంటలో పాడి వెళ్తుంది. ఆ గొంతులో ఉన్న చిన్న వంపును ఆటోట్యూన్ సాఫు చేస్తుంది. తర్వాత రెండు రోజుల షూటింగుకు ఖర్చంతా. వాద్యం వాయించినవాడే లేని పాటకు జానపదం అని పేరు. క్యాసెట్ల కాలం ఇంతకంటే నయం. అరవై నిమిషాల క్యాసెట్‌లో వైపుకు అరగంట ఉండేది. ఒగ్గు కథలు భాగాలు భాగాలుగా వచ్చేవి, ఊదుడు, దగ్గు, జనం కేకలతో సహా. టేపు అరిగితే గొంతు వణికేది, అదీ బాగానే ఉండేది.

అయితే ఈ చుట్టుపక్కల సైకెడెలిక్ పని చేస్తున్నవాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఆ పేరు తెలియదు, తెలిసినా పట్టించుకోరు. పెళ్లి బరాత్‌లకు, గణేశ్ నిమజ్జనానికి డీజే కట్టే పిల్లలు. నాలుగు నిమిషాల జానపదాన్ని తీసుకుని పన్నెండు నిమిషాలు చేస్తారు. ఒక్క మాటను పట్టుకుని ప్రతిధ్వనిలో వేసి తిప్పుతారు. గొంతు తీసేసి బేస్ ఒక్కటే నడిపిస్తారు. గుండెలదిరి ముసలోళ్లు తిడతారు, పోలీసులు ఆపుతారు, తిట్టడమూ ఆపడమూ రెండూ న్యాయమే. కానీ 1970ల మొదట్లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కింగ్ టబ్బీ డబ్ సంగీతం పుట్టించింది సరిగ్గా ఈ పని చేసే. కాబట్టి ఉత్తర తెలంగాణ సైకెడెలిక్ బ్యాండ్‌కు గిటారిస్టు కంటే ముందు కావాల్సింది చెవి ఉన్న ఒక డీజే కుర్రాడు, జమిడిక మీటే ఒక బైండ్ల కళాకారుడు, పెప్రె ఊదే ఒక ప్రధాన్ అని నా లెక్క. గిటారు తర్వాత వచ్చి మూల కూర్చున్నా నష్టం లేదు.

ఇందులో ఒక ముల్లుంది. దండారి వాద్యం దేవుడి పని. ఏ దరువు వేదిక ఎక్కొచ్చో, ఏది గూడెంలోనే ఉండాలో చెప్పాల్సింది గూడెం పటేల్, పూజారి కటోడా, అక్కడి పెద్దలు. ఫోన్లో రికార్డు చేసి తెచ్చి లూపు చేసుకుంటే అది దొంగతనమే. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని టీవీలో ముందే పాడిన కోమలి హక్కు సంగతి ఎంత రచ్చయిందో గుర్తుంది. ప్రధాన్ వాద్యకారుడు బ్యాండ్‌లో సభ్యుడు కావాలి. అట్ట మీద పేరు, రాబడిలో వాటా, ప్రయాణంలో సీటు మిగతావాళ్లతో సమానంగా ఉండాలి. ఆల్తిన్ గ్యున్‌లో సాజ్ వాయించే ఎర్దించ్ పక్క వాద్యం కాదు, ముందు గొంతు.

వినాలనుకునేవాళ్లు ‘గెజె’తో మొదలుపెట్టండి, వెంటనే ‘బారాన్’ వినండి. ‘లోనరిజం’ మీరు ఎలాగూ వినే ఉంటారు. ‘సన్ స్ట్రక్చర్స్’ ఒక్కసారి చాలు. తర్వాత దొరికితే ఒగ్గు కథ పాత క్యాసెట్ ఒకటి సంపాదించి, ఆపకుండా రెండు వైపులూ వినండి. దీపావళి ముందు జైనూర్, సిర్పూర్‌ వైపు చుట్టాలుంటే దండారి రాత్రి ఒకటి వాళ్లతో గడపండి, ఫోను జేబులో పెట్టుకుని.